వానలు రాకముందే దేవగన్నేరు కొమ్మకు వేరు పట్టాలి

జూన్‌లో తొలి వాన పడగానే ఎవరింటి దగ్గరో దేవగన్నేరు కొమ్మ అడిగి తెచ్చుకుని తడినేలలో గుచ్చేస్తుంటాం. మందారం, నందివర్ధనం అలాగే బతుకుతాయి కదా అని మన ధీమా. కానీ దేవగన్నేరుకు ఆ వానే గండం. మెక్సికో, మధ్య అమెరికా వైపు నుంచి వచ్చిన చెట్టు ఇది. లావుపాటి కొమ్మలో తనకు కావలసిన నీరు దాచుకునే ఉంటుంది. వేరు లేని కొమ్మ మనం పోసే నీళ్లు తాగలేదు. ఆ తడికి కోసిన చోట కుళ్లు మొదలై పైకి పాకుతుంది.

అందుకే పని ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో మొదలుపెట్టండి. చెట్టు ఆకు రాల్చి మోడుగా ఉన్నప్పుడు కోయడం ఇంకా మంచిది. వేరు పట్టడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, ఒక్కోసారి మూడు నెలలు కూడా. మార్చి మధ్యలో కోస్తే వానలనాటికి కొమ్మ నిలదొక్కుకుంటుంది.

పచ్చగా ఉన్న లేత కొమ్మ వద్దు. బూడిదరంగు తిరిగి, బొటనవేలంత లావున్న ముదురు కొమ్మ అడుగు నుంచి అడుగున్నర పొడవుండాలి. కత్తిని స్పిరిట్‌తో తుడిచి ఒక్క వేటుకు తెగేలా కోయండి. కోయగానే తెల్లటి పాలు ధారగా కారతాయి. చర్మానికి తగిలితే మంట, దద్దుర్లు రావచ్చు, కంట్లో పడితే మరీ ప్రమాదం. తలకు పైనున్న కొమ్మ కోస్తే పాలు సరిగ్గా ముఖం మీదే పడతాయి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, పిల్లల్ని దూరంగా ఉంచి కోయండి. కంట్లో పడితే నలపకుండా పావుగంట సేపు మంచినీళ్లతో కడిగి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ఆకులు ఉంటే తీసేసి, కొమ్మను గాలి తగిలే పొడి నీడలో పది రోజులు, కుదిరితే రెండు వారాలు వదిలేయండి. కోసిన చోట గట్టిపడి పెచ్చు కట్టాలి. ఈ ఎండబెట్టడం దగ్గరే చాలామందికి మనసొప్పదు, కొమ్మ చచ్చిపోతుందేమోనని భయం. చావదు. తొక్క కాస్త ముడతపడ్డా కంగారుపడొద్దు. నాకు తెలిసి దీనికి మించిన జాగ్రత్త లేదు.

కుండీకి అడుగున పెద్ద చిల్లులు ఉండాలి. సగం గరుకు ఇసుక, మిగతా సగం ఎర్రమట్టి, బాగా చివికిన ఎరువు కలపండి. పచ్చిపేడ వద్దు, నల్లరేగడి అసలే వద్దు. అది నీటిని పట్టి ఉంచుతుంది. నాలుగంగుళాల లోతున నాటి, పక్కన కర్ర పాతి కొమ్మను కట్టండి. గాలికి ఊగితే కొత్త వేళ్లు పుటుక్కున తెగిపోతాయి. నాటిన రోజు ఒకసారి తడిపి, ఆపైన మట్టి లోపలిదాకా ఆరితేనే కొంచెం నీళ్లివ్వండి.

చిగురు చూసి మోసపోకండి. కొమ్మలో దాచుకున్న బలంతోనే రెండు మూడు ఆకులు వేసేస్తుంది, కింద వేరు ఉండదు. ఒక ఏడాది నేను ఆ చిగురు చూసి మురిసిపోయి రోజూ నీళ్లు పోశాను. ఆరు ఎర్రపూల కొమ్మలు పోయాయి, అవి మా అమ్మ చేతి చెట్టువి, ఆ చెట్టు ఇప్పుడు లేదు. ఆకులు పెద్దవై నిలబడ్డాకే వేరు పట్టిందని నమ్మండి. సందేహం వచ్చి లాగి చూడొద్దు. కొమ్మ అడుగున నొక్కితే మెత్తగా ఉంటే కుళ్లు పట్టినట్టే. నల్లబడిన భాగమంతా పోయి లోపల తెల్లగా కనిపించేదాకా కోసి, మళ్లీ ఆరబెట్టి నాటుకోవచ్చు.

ఆకు కొస గుండ్రంగా ఉండే తెల్లపూల రకం కొమ్మకు వేరు అంత తేలిగ్గా పట్టదు. అది కావాలంటే కడియంలోనో దగ్గర్లోని నర్సరీలోనో వేరున్న మొక్కే కొనుక్కోండి.

జూన్ వచ్చేసరికి కుండీని చూరు కిందకు జరిపి, ఇటుకల మీద ఎత్తుగా పెట్టండి. ముసురు పట్టిన రోజుల్లో నీళ్లు పూర్తిగా మానేయండి. ఆకుల అడుగున నారింజరంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. ఆ ఆకులు కోసి కాల్చేయండి, కుండీలో రాలనివ్వొద్దు. నేలలోకి మార్చడం మాత్రం వచ్చే వేసవిలోనే.