చర్చి యూనివర్సిటీలో గడ్డం ఉంచుకోవడానికి అనుమతి ఎలా తెచ్చుకోవాలి?

అమెరికాలోని యూటా రాష్ట్రం, ప్రోవో పట్టణంలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ ఉంది. జనం మోర్మన్లు అని పిలిచే చర్చిది అది. 1875లో మొదలైంది. ఆ పేరు చర్చి తొలితరం నాయకుడిది. క్యాంపస్‌లో నిలబెట్టిన ఆయన విగ్రహానికి నిండుగా గడ్డం ఉంటుంది. ఆ విగ్రహం పక్కనుంచి క్లాసుకి వెళ్లే కుర్రాడికి మాత్రం ఉండకూడదు.

ఈ నియమం బైబిల్లోంచి వచ్చింది కాదు. 1960లలో హిప్పీల జుట్టు, గడ్డం తిరుగుబాటుకి గుర్తుగా కనిపించిన రోజుల్లో బిగించారు. 1971లో అప్పటి యూనివర్సిటీ అధ్యక్షుడు డాలిన్ ఓక్స్ విద్యార్థులకు ఈ కారణమే చెప్పారు. గడ్డంలో పాపమేమీ లేదని, కాలం మారితే నియమమూ మారవచ్చని కూడా అన్నారు. యాభై ఏళ్లు దాటినా అది అలాగే ఉంది. కాబట్టి "గడ్డం తప్పు కాదు కదా" అని వాదనకు దిగితే లాభం లేదు. కాదని వాళ్లకూ తెలుసు. మీరు వెతకాల్సింది మినహాయింపు దారి.

ముందు నియమం పూర్తిగా చదవండి

అడ్మిషన్‌కి ముందే హానర్ కోడ్ మీద, అంటే విద్యార్థుల నడవడి, వేషధారణ నియమాల మీద, సంతకం పెట్టాలి. ఏ మతం వాళ్లయినా ఏటా ఒక మతపెద్ద ఆమోదం కూడా తెచ్చుకోవాలి. చర్చి సభ్యులు కానివాళ్లు తమ సొంత మతపెద్ద దగ్గరో, యూనివర్సిటీ చాప్లిన్ దగ్గరో తీసుకోవచ్చు. చాప్లిన్ అంటే క్యాంపస్‌లో వేరే మతాల విద్యార్థుల బాగోగులు చూసే అధికారి. ఈయన పేరు, ఆఫీసు ఎక్కడో ఇప్పుడే రాసిపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

2023 ఆగస్టులో నియమాల మాటలు మార్చారు. అంతకుముందు మగవాళ్ల జుట్టు కాలర్ పైకి ఉండాలి, చెవులు కనపడాలి అని కొలతలతో ఉండేది. ఇప్పుడు జుట్టు నీటుగా కత్తిరించి ఉండాలి, విపరీతమైన స్టైళ్లు, రంగులు వద్దు అన్నంతవరకే. క్లీన్ షేవ్ మాత్రం అలాగే ఉంది. మీసానికి అడ్డు లేదు, నీటుగా ఉంటే చాలు. మన కుర్రాళ్లకి ఇది చిన్న ఊరట. అయితే కొనలు మెలితిప్పి చెంపల మీదికి లాగే మీసంతో వెళ్లకండి. మీసం నోటి మూలలు దాటకూడదని పాత నియమంలో ఉండేది, చూసేవాళ్ల కళ్లకి ఆ కొలత ఇంకా అలవాటే.

మీ కారణం ఏ గడిలో పడుతుందో తేల్చుకోండి

గడ్డానికి మినహాయింపులు మూడు రకాలు: చర్మవ్యాధి, మతం, నాటకం లేదా సినిమా వేషం. చర్చి తీసే బైబిల్ సినిమాల్లో నటించే విద్యార్థులకి మూడోది దొరుకుతుంది. "మా సంస్కృతి" అనే గడి మాత్రం ఎక్కడా లేదు. చాలామంది తడబడేది ఇక్కడే. గడ్డం మా తాతల నుంచి వస్తోంది, మా జాతి గుర్తు అని నాలుగు పేజీలు రాస్తారు. చదివేవాళ్లకి ఆ ఉత్తరం ఏ ఫైల్లో పెట్టాలో తెలీదు. మీ గుర్తింపు ఎంత లోతైనదైనా అక్కడ చర్మంగానో విశ్వాసంగానో మారితే తప్ప చెల్లదు. ఇది న్యాయమని మేము అనం. కానీ ఫారం నింపేటప్పుడు మీ మనసులో మాట కాదు, వాళ్ల గడులే లెక్క.

చర్మం దారి

ఉంగరాల జుట్టున్నవాళ్లకి గీసిన వెంట్రుక కొన సూదిలా పదునెక్కుతుంది. మళ్లీ పెరిగేటప్పుడు వంపు తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. దవడ కింద, మెడ మీద ఎర్రటి బుడిపెలు లేస్తాయి, చీము పడుతుంది, తర్వాత నల్ల మచ్చలు మిగులుతాయి. ఆఫ్రికన్ సంతతివాళ్లలో ఇది చాలా ఎక్కువ, మనవాళ్లలోనూ ఉంది. అందరికీ ఒకటే అనిపించే నియమం కొందరి మొహం మీద గాయంగా మారేది ఇలాగే. దీనికి అసలు మందు గీయడం ఆపడమే. నాలుగు వారాలు ఆపితే గుచ్చుకున్న వెంట్రుకలు చాలావరకు వాటంతటవే బయటికొస్తాయి.

క్యాంపస్ హెల్త్ సెంటర్‌లో డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఊళ్లో డాక్టర్ రాసిన చీటీ వెంట తీసుకెళ్లండి కానీ అదొక్కటే సరిపోతుందనుకోకండి. చిక్కేమిటంటే, అనుమతి చేతికొచ్చేదాకా గీస్తూనే ఉండాలి. మీరు వెళ్లిన రోజున బుడిపెలు తగ్గి ఉండొచ్చు. అందుకే అంతకుముందు రెండు వారాలు గీసిన మర్నాడు, మూడోనాడు ఒకే వెలుతురులో మెడ ఫొటోలు తీసి తేదీలు రాసిపెట్టుకోండి. ఒకే బ్లేడ్ రేజర్, వెంట్రుక వాలుగా గీయడం, చర్మం లాగిపట్టకపోవడం, ట్రిమ్మర్‌తో ఒక మిల్లీమీటరు వదలడం, వీటిలో ఏవేవి చేసి చూశారో, ఎన్నాళ్లు చేశారో చెప్పండి. "ఏమీ ప్రయత్నించలేదు" అంటే క్రీము రాసిచ్చి పంపేస్తారు.

డాక్టర్ సిఫారసు హానర్ కోడ్ ఆఫీసుకి వెళ్తుంది. ఒప్పుకుంటే గడ్డం పెరిగాక కొత్త ఫొటోతో ఐడీ కార్డు తీసుకోవాలి. ఏడాదికోసారి మళ్లీ మొదటినుంచీ.

మతం దారి

2015లో ఈ దారి స్పష్టంగా తెరుచుకుంది. సిక్కు విద్యార్థికి ఇది తేలిక, ఎందుకంటే కేశాలు కత్తిరించకపోవడం ఆ మతానికి మూలమని లోకానికి తెలుసు. (అమృత్‌సర్‌లో కథ తిరగబడింది. అక్కడి గురు రామ్‌దాస్ మెడికల్ కాలేజీ, కేశాలు, కనుబొమలు కత్తిరించుకున్నారని కొందరికి సిక్కు మైనారిటీ కోటాలో సీటు ఇవ్వలేదు. 2009లో పంజాబ్, హర్యానా హైకోర్టు కాలేజీ మాటే నిలబెట్టింది. ఒకచోట పెంచితే తప్పు, ఇంకోచోట తుంచితే తప్పు.)

అయ్యప్ప దీక్ష సంగతి వేరు. 41 రోజులు గడ్డం గీయకపోవడం నియమమే కానీ అది తాత్కాలికం, అక్కడి అధికారులు పేరు కూడా విని ఉండకపోవచ్చు. ఇస్తారా లేదా అన్నది పూర్తిగా వాళ్ల విచక్షణ. అందుకని తొందరగా అడగాలి. మండల కాలం నవంబరు 16, 17 ప్రాంతంలో మొదలై డిసెంబరు ఆఖరి వారం దాకా సాగుతుంది. మధ్యలో సెమిస్టర్ పరీక్షలు. మాల వేసుకున్నాక అడిగితే గడ్డం ముందు, అనుమతి తర్వాత అవుతుంది. సెప్టెంబరులోనే చాప్లిన్‌ని కలవండి.

గురుస్వామి దగ్గరో, మీరు వెళ్లే గుడి పూజారి దగ్గరో ఒక పేజీ ఉత్తరం రాయించండి. అందులో నాలుగు సంగతులు ఉంటే చాలు: దీక్ష ఏమిటి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, అన్నాళ్లూ జుట్టు, గడ్డం ఎందుకు తీయరు, ఈ విద్యార్థి ఇంతకుముందు ఎన్నిసార్లు మాల వేశాడు. మీ సొంత ఉత్తరంలో సూటిగా ఇలా అడగండి: "నవంబరు 16 నుంచి డిసెంబరు 27 వరకు గడ్డం గీయకుండా ఉండేందుకు అనుమతి కోరుతున్నాను. మాల తీసిన రోజే క్లీన్ షేవ్ అవుతాను." తేదీలు ఆ ఏడాది క్యాలెండర్ చూసి వేసుకోండి. స్థలపురాణం, హక్కుల ఉపన్యాసం వద్దు. నల్లబట్టలు, చెప్పుల్లేకుండా నడవడం వంటివి కూడా ఉంటే ఆ మాట అప్పుడే చెప్పేయండి. ఒక్కొక్కటిగా బయటపడితే ఇబ్బంది.

తిరుమలలో గుండు చేయించుకుని వెళ్తే గడ్డం నియమం అడ్డురాదు. పిలక ఉంచుకునేవాళ్లు మాత్రం ఫొటో జతచేసి ముందే ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. "నీటుగా" అన్న మాటకి ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్తారు, నోటిమాట నిలవదు.

అనుమతి వచ్చాక

పరీక్షల కేంద్రం దగ్గర గడ్డం చూసి వెనక్కి పంపిన సందర్భాలు ఈ యూనివర్సిటీలో చాలాకాలంగా ఉన్నాయి. అనుమతి కాగితం ఫొటో ఫోన్‌లో, అసలుది బ్యాగులో ఉంచుకోండి. మెడ మీద, చెంపల పైన గీత తీర్చిదిద్దుకుంటే అడిగేవాళ్లు తగ్గుతారు. దీక్షలో ఉన్నవాళ్లకి అది కుదరదు కాబట్టి కాగితమే దిక్కు.

కాదంటే

కారణం రాతపూర్వకంగా అడగండి. కాగితం తక్కువైందంటే అది తెచ్చి మళ్లీ పెట్టండి. అమెరికా రాజ్యాంగంలోని మతస్వేచ్ఛ హామీ ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది కానీ ప్రైవేటు యూనివర్సిటీని కాదు. పైగా మీరు సంతకం పెట్టి ఉన్నారు. కోర్టు పేరెత్తి బెదిరిస్తే పని చెడుతుంది. చెప్పకుండా పెంచేసి చూద్దామనుకుంటే హానర్ కోడ్ ఆఫీసు నుంచి పిలుపు వస్తుంది, రిజిస్ట్రేషన్ ఆపేసేదాకా పోవచ్చు. ఆ ఏడాదికి మాల వాయిదా వేసుకోవడమో, సెలవుల్లో ఇంటికెళ్లి మకరజ్యోతికి తక్కువ రోజుల దీక్ష తీసుకోవచ్చేమో గురుస్వామిని అడగడమో మిగిలిన దారులు.

దీక్ష ముగిసి మాల తీశాక ముందు ట్రిమ్మర్‌తో పొట్టిగా చేసి, వేడినీళ్ల తుండు గుడ్డ ఐదు నిమిషాలు అద్ది, అప్పుడు రేజర్ పెట్టండి. ఆరు వారాల గడ్డానికి నేరుగా బ్లేడ్ పెడితే లాగి కోసుకుంటుంది. గడువు పూర్తయిందని చాప్లిన్‌కి ఒక మెయిల్ పెట్టండి, పైఏడు అడిగేటప్పుడు అదే మొదటి కాగితం.