బ్యాటరీయా, సూపర్‌కెపాసిటరా: కొనే ముందు వేసుకోవలసిన లెక్క

విద్యుత్తును నిల్వ చేసుకోవడానికి ఏది కొనాలో తేల్చుకునే ముందు, మీ పరికరానికి ఎన్ని వాట్లు కావాలో, ఎంతసేపు కావాలో కాగితం మీద రాసుకోండి. వాట్లను గంటలతో గుణిస్తే వచ్చే వాట్-అవర్లే ఇక్కడ అసలు కొలత.

సూపర్‌కెపాసిటర్ అంటే బ్యాటరీలా రసాయన చర్య మీద ఆధారపడకుండా, విద్యుదావేశాన్ని నేరుగా దాచుకునే పరికరం. దాని మీద ముద్రించిన ఫారడ్‌ల (ఆవేశాన్ని పట్టే సామర్థ్యపు కొలత) సంఖ్య చూసి ఆశపడకూడదు. ఫారడ్‌లను వోల్టేజి వర్గంతో గుణించి, సగం చేసి, 3600తో భాగిస్తే అందులో పట్టే వాట్-అవర్లు తెలుస్తాయి. 2.7 వోల్టుల 3000 ఫారడ్‌ల సెల్లు దాదాపు అర కిలో తూగుతుంది గాని, అందులో పట్టేది 3 వాట్-అవర్లే. 50 గ్రాములైనా ఉండని 18650 సైజు లిథియం అయాన్ సెల్లులో 9 నుంచి 12 వరకు పడతాయి. పైగా వాడుతున్నకొద్దీ సూపర్‌కెపాసిటర్ వోల్టేజి దిగిపోతూనే ఉంటుంది. అది సగానికి వచ్చేసరికి నాలుగింట మూడు వంతుల శక్తి ఖర్చయిపోతుంది, మిగిలిన పావు వంతును రాబట్టడం కష్టం.

ఇంటి ఇన్వర్టరునే తీసుకోండి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకున్నా 900 వాట్-అవర్లు చేతికి వస్తాయి. సూపర్‌కెపాసిటర్ సెల్లులో నాలుగింట మూడు వంతులే చేతికి వస్తాయి కాబట్టి, అంత శక్తికి పైన చెప్పిన 3000 ఫారడ్‌ల సెల్లులు దాదాపు 400 కావాలి, అంటే 2 క్వింటాళ్ల బరువు. కరెంటు పోయాక గంటల తరబడి ఫ్యాన్లు తిరగాలంటే బ్యాటరీయే తగినదని నిస్సందేహంగా చెబుతాను.

క్షణాల పని అయితే లెక్క తారుమారవుతుంది. జనరేటర్ స్టార్టరుకు 2 సెకన్లపాటు 1500 వాట్లు కావాలనుకుందాం. అది ఒక్క వాట్-అవర్ కూడా కాదు. అవే సెల్లులు ఆరింటిని సిరీస్‌లో కలిపి 14 వోల్టుల వరకు ఛార్జ్ చేస్తే, ఆ ఖర్చుకు తగ్గేది అర వోల్టు లోపే. లిథియం సెల్లు వందల నుంచి కొన్ని వేల సార్లు ఛార్జింగును తట్టుకుంటే, సూపర్‌కెపాసిటర్ సుమారు 10 లక్షల సార్లు తట్టుకుంటుంది. షాంఘైలో 2006 నుంచి నడిచిన సూపర్‌కెపాసిటర్ బస్సులు స్టాపుల్లో ఆగినప్పుడే ఛార్జ్ చేసుకోగలిగింది త్వరగా ఛార్జ్ కావడం, ఇన్నిసార్లు తట్టుకోవడం అనే గుణాల వల్లనే.

రెండు అవసరాలూ ఉన్నచోట బ్యాటరీకి తోడుగా సూపర్‌కెపాసిటర్‌ను పెడితే, ఒక్కసారిగా వచ్చే భారాన్ని అది మోస్తుంది, బ్యాటరీ ఆయుష్షు పెరుగుతుంది. అయితే సూపర్‌కెపాసిటర్ దానంతట అదే రోజుల్లో కొంత ఛార్జ్ కోల్పోతుంది కాబట్టి, వారాల తరబడి నిల్వకు పనికిరాదు.

సిరీస్‌లో కలిపేటప్పుడు ఏ సెల్లూ 2.7 వోల్టులు దాటకుండా బ్యాలెన్సింగ్ సర్క్యూట్ తప్పనిసరిగా పెట్టండి. విప్పే ముందు తగిన రెసిస్టరు ద్వారా ఛార్జ్ ఖాళీ చేసి, మల్టీమీటరుతో సరిచూసుకోండి. టెర్మినళ్ల మధ్య స్పానర్ పడితే వందల నుంచి వేల ఆంపియర్లు పారి లోహం కరుగుతుంది.