తునికాకు సీజన్‌కు ముందు: కాలికి స్పర్శ తెలియనివాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మా ఇంట్లో రెండు అద్దాలున్నాయి. ఒకటి గోడకు, మొహం చూసుకోడానికి. రెండోది మంచం కింద, అరికాలు చూసుకోడానికి. ఏప్రిల్ వచ్చిందంటే రెండోదానికే పని ఎక్కువ.

మహారాష్ట్రలోని మా సిరోంచ తాలూకాలో తునికాకు, అంటే బీడీలు చుట్టే ఆకు, కోసే పని ఏప్రిల్ చివరో మే మొదట్లోనో మొదలవుతుంది. రెండు వారాలు, మహా అయితే ఇంకో నాలుగు రోజులు. ప్రాణహిత ఒడ్డు నుంచి ఇంద్రావతి దాకా ఊళ్లకు ఊళ్లే తెల్లారకముందు అడవిలో ఉంటాయి. వానాకాలం విత్తనాలకూ పిల్లల బట్టలకూ చేతికొచ్చే రొక్కం అదే. అందుకే ఈ రోజుల్లో కాలు నొప్పి అని ఎవరూ ఇంట్లో కూర్చోరు. నొప్పే తెలియని కాలైతే అసలు కూర్చోరు. నా భయం అక్కడే.

నాకు కుష్ఠు వ్యాధి వచ్చి నయమై చాలా ఏళ్లయింది. మచ్చలు ఐదు దాటాయి కాబట్టి కొన్ని మందులు కలిపి ఇచ్చే ఎం.డి.టి. పన్నెండు నెలలు వేసుకోవాలన్నారు. ఐదో అంతకన్నా తక్కువో ఉంటే ఆరు నెలలు సరిపోతుంది. కోర్సు పూర్తి చేశాను, క్రిములు చచ్చాయి. కానీ అవి చెడగొట్టిన నరాలు బాగుపడలేదు. నా కుడి అరికాలికి, ఎడమ చేతి చిటికెన వేలికి, దాని పక్క వేలికి వేడీ చల్లా తెలియదు. ముల్లు గుచ్చినా తెలియదు. ఇలాంటి కాళ్లూ చేతులూ ఉన్నవాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మందు అయిపోయిన తర్వాతి సీజన్‌లో హవాయి చెప్పులేసుకుని అడవికి పోయాను. పొద్దున నాలుగింటికి బయల్దేరి పదకొండుకు వచ్చాను. మా బిడ్డకు అప్పుడు ఏడేళ్లు. "బాపూ, ఇల్లంతా ఎర్రగ అయితంది" అని అరిచింది. వెనక్కి చూస్తే అలికిన నేల మీద నా కుడి అడుగులన్నీ రక్తంతో ఉన్నాయి. చెప్పు అడుగు నుంచి విరిగిన ముల్లు ఒకటి పొడుచుకొచ్చి అరికాల్లో దిగింది. దాని మీద ఎన్ని గంటలు నడిచానో నాకే తెలియదు. ముల్లు తీసి పసరు పోసి మర్నాడు మళ్లీ పోయాను, నొప్పి లేదు కదా అని. చూపించుకున్న చోట కూడా "మందు అయిపోయింది కదా, ఇక ఆ రోగం సంగతి వదిలేయ్" అని సూది వేసి పంపేశారు. చీము ఎముక దాకా పోయింది. చివరికి ఒక వేలు తీసేయాల్సి వచ్చింది.

కుష్ఠు వస్తే వేళ్లు వాటంతటవే రాలిపోతాయని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. 1940ల చివర్లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పాల్ బ్రాండ్ అనే సర్జన్ ఈ నమ్మకాన్ని పట్టి పట్టి పరీక్షించాడు. రోగుల చేతుల మీద, కాళ్ల మీద ఉన్న ప్రతి దెబ్బా ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే కాలిన గిన్నె, గట్టిగా తిప్పిన తాళం, చెప్పులోని మేకు, ఇలా ప్రతిదానికీ ఒక కారణం దొరికింది. రాత్రి పడుకున్నాక ఎలుకలు వేళ్లు కొరికేవని కూడా తేలింది. అందుకే ఇంటికి వెళ్లేవాళ్లకు పిల్లిని పెంచుకోమని చెప్పేవారట. కట్టు కట్టి కాలికి విశ్రాంతి ఇస్తే ఆ పుండ్లు అందరికీ మానినట్టే మానేవి. నా వేలిని తిన్నది కూడా క్రిమి కాదు, ఆ రెండో రోజు నడక.

ఇక పనికి నెల ముందే చేయాల్సినవి చెప్తాను.

మొదట పెన్ను పరీక్ష. ఆరోగ్య కేంద్రంలో చేయించుకుంటే మంచిది, కుదరకపోతే ఇంట్లోనూ చేయొచ్చు. కళ్లు మూసుకుని కూర్చోండి. ఇంట్లో ఒకరు బాల్‌పెన్ మొనతో అరచేతిలో, అరికాల్లో అక్కడక్కడా మెల్లగా తాకాలి. తాకిన చోటు వేలితో చూపించాలి. తర్వాత బలం చూడండి. చేతి చిటికెన వేలు పక్కకు జరుగుతుందా, చేతి బొటనవేలు పైకి లేస్తుందా, మడమ మీద నిలబడి పాదం ముందుభాగం ఎత్తగలరా, కళ్లు గట్టిగా మూసుకుంటే సందు మిగులుతుందా. ఇవన్నీ తేదీ వేసి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పోయినసారి తెలిసిన చోట ఈసారి తెలియకపోతే అడవి సంగతి తర్వాత, ముందు డాక్టరు దగ్గరకు. నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకపోతే స్టెరాయిడ్ మందుతో కోలుకునే అవకాశం చాలా ఎక్కువ. ఆలస్యమైన కొద్దీ అది తగ్గుతుంది. నొప్పే లేకుండా చడీచప్పుడు లేకుండా చచ్చిపోయే నరాలూ ఉంటాయి, వాటిని పట్టేది ఈ పెన్నే.

రెండోది చర్మం. ఈ జబ్బులో చెమట పట్టించే నరాలు కూడా పోతాయి కాబట్టి కాలు ఎండి పగులుతుంది. ఎండలకు ఆ పగుళ్లు ఇంకా లోతుకు పోతాయి. రోజూ సాయంత్రం బకెట్టులో మామూలు నీళ్లు పోసి ఇరవై, ముప్ఫై నిమిషాలు కాళ్లు నానబెట్టండి. వేడినీళ్లు ముట్టుకోవద్దు. వేడి ఎంతుందో మీ కాలికి తెలియదు, వేరేవాళ్లు చెయ్యి పెట్టి చూడాల్సిందే. నానాక మడమ రుద్దే రాయితో ఆనెలు మెల్లగా అరగదీయండి. బ్లేడు, కత్తెర దగ్గరకు రానీయకండి. తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె పట్టించాలి. నెల రోజులు చేస్తే మడమ మెత్తబడుతుంది. అడవికి పోయే రోజు పొద్దున ఒక్కసారి నూనె రాస్తే ఏమీ జరగదు.

చెప్పుల గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే సగం పుండ్లు అక్కడే పుడతాయి. కాలికి తగిలే వైపు మెత్తగా, నేలకు తగిలే వైపు గట్టిగా ఉండాలి. అలాంటివాటిని ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులంటారు, ప్రభుత్వ కార్యక్రమం కింద ఉచితంగా ఇస్తారు, సీజన్‌కు ముందే అడిగి పెట్టుకోవాలి. మడమ వెనక పట్టీ ఉండాలి. వేలి మధ్య నుంచి పట్టీ ఉన్న హవాయి చెప్పు వద్దు. స్పర్శ లేని కాలు దాన్ని పట్టుకోలేదు, జారిపోయినా తెలియదు. కొట్టిన మేకులున్న చెప్పు ఎంత ఖరీదైనా మీకు పనికిరాదు. కొత్త చెప్పులతో మొదటి రోజే అడవికి పోకండి. ఇంటి దగ్గర మొదట అరగంట, మర్నాడు గంట, ఇలా పెంచుకుంటూ పోతూ విప్పిన ప్రతిసారీ కాలు చూసుకోండి. ఒత్తుకుపోయిన ఎర్ర గీత కొంతసేపటికి మాయం కాకపోతే పట్టీ వదులు చేయించాలి. వేసుకునే ముందు చెప్పు తిరగేసి దులపడం, లోపల చెయ్యి పెట్టి తడమడం అలవాటు చేసుకోండి. స్పర్శ ఉన్న చెయ్యి సుమా.

ఇంకా మందు వాడుతున్నవాళ్లైతే ఇరవై ఎనిమిది రోజుల ప్యాక్ సీజన్ మధ్యలో అయిపోతుందేమో లెక్క చూసుకుని, ముందే వెళ్లి తర్వాతి ప్యాక్ అడగండి. ఆరు నెలల కోర్సును తొమ్మిది నెలల్లోపు, పన్నెండు నెలల కోర్సును పద్దెనిమిది నెలల్లోపు పూర్తి చేయాలి. ఆ ప్యాక్‌లో నెలకోసారి వేసే రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు. క్లోఫాజిమిన్‌తో ఒళ్లు నల్లబడుతుంది, చర్మం ఎండుతుంది, కోర్సు ఆగాక మెల్లగా రంగు తిరిగి వస్తుంది. అసలు కనిపెట్టుకోవాల్సింది డాప్సోన్‌ను. అది కొందరికి రక్తం తగ్గిస్తుంది. మా గడ్చిరోలి జిల్లాలో సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా అది ఉందని తెలిస్తే, లేదా మీరు కొద్ది దూరానికే ఆయాసపడుతుంటే, మండుటెండలో పనికి పోయే ముందు డాక్టరుకు చెప్పి రక్తం చూపించుకోండి. మందు మొదలైన మొదటి రెండు నెలల్లో జ్వరం, ఒంటి మీద దద్దు, కళ్లు పచ్చబడటం కలిసి వస్తే డాప్సోన్ ఆపేసి అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

అడవిలో అడుగు చిన్నగా వేయండి, పరుగు వద్దు. పెద్ద అడుగు వేస్తే పాదం ముందుభాగం మీద బరువు పడుతుంది. చీకట్లో బయల్దేరతారు కాబట్టి టార్చి తలకు కట్టుకోండి, చేతులు ఖాళీగా ఉంటాయి. గంటకోసారి ఆగి చెప్పులు విప్పి చూడాలి. మిగతావాళ్లు ముందుకు పోతారు, పోనీయండి. ఆకు తుంచే చేతికి పాత నూలు బట్ట చుట్టుకోవచ్చు. మూతపడని కన్ను ఉన్నవాళ్లు నల్ల కళ్లద్దాలు తప్పనిసరిగా పెట్టుకోవాలి. కొమ్మ తగిలినా, దుమ్ము పడ్డా అలాంటి కంటికి తెలియకపోవచ్చు, ఎర్రబడ్డాకే తెలుస్తుంది. చెమట పట్టని ఒంటికి వడదెబ్బ తొందరగా తగులుతుంది. నీళ్లు ఎక్కువ పట్టుకుని పదింటికల్లా వెనక్కి తిరగండి.

ఇంటికొచ్చాక కట్టలు కట్టే పని మొదలవుతుంది కదా, అది కూర్చుని చేసేదే, ప్రమాదం లేదనుకుంటాం. గంటల తరబడి బాసింపట్టు వేసుకుంటే చీలమండ బయటి ఎముక నేలకు ఒత్తుకుని అక్కడ పుండు పడుతుంది. మోకాలి పక్కన పోయే నరం కూడా నలుగుతుంది, పాదాన్ని పైకెత్తేది ఆ నరమే. ఎత్తు పీట మీద కాళ్లు చాపి కూర్చోండి. నార బిగించేటప్పుడు స్పర్శ లేని వేళ్లకు చుట్టి లాగవద్దు, కోసుకుపోతుంది. పంటితో పట్టి లాగేవాళ్లున్నారు, నేనూ లాగుతాను, అది వేరే సంగతి.

ఆకు ఎండబెట్టే కల్లంలో మధ్యాహ్నం నేల పెనంలా ఉంటుంది. చెప్పులు లేకుండా ఒక్క అడుగు కూడా వేయకండి. కల్లేదారుతో (కల్లంలో కట్టలు లెక్కపెట్టి తీసుకునే మనిషి) లెక్క తేలేదాకా చాలామంది చెప్పులు విప్పి గోనెసంచి మీద నిలబడతారు, తర్వాత మరిచిపోయి నేల మీదికి దిగుతారు. బండి మీద వెనక కూర్చుంటే సైలెన్సర్‌కు పిక్క తగలకుండా చూసుకోండి. స్టీలు గ్లాసులో టీ వద్దు. బీడీ వేళ్ల మధ్యే ఆరిపోయేదాకా పట్టుకునే అలవాటున్నవాళ్లకు నేను చెప్పేదొక్కటే, మానేయండి.

రాత్రి అద్దం పని. అరికాలు అద్దంలో చూసుకోండి, తర్వాత ఇంట్లో ఇంకొకరిని చెయ్యి వెనక భాగంతో రెండు కాళ్లనూ తాకి చూడమనండి. ఒక చోట మాత్రం వెచ్చగా ఉంటే లోపల దెబ్బ తగిలినట్టే, పైన చర్మం మామూలుగా ఉన్నా సరే. పుండు పడబోయే ముందు ఒంట్లోంచి వచ్చే కబురు అది. మర్నాడు నడక మానేయాలి. బొబ్బ లేస్తే చిదమకండి. పుండు పడితే సబ్బునీళ్లతో కడిగి, శుభ్రమైన నూలు బట్ట కట్టి, ఆ కాలి మీద బరువు పెట్టడం ఆపాలి. పసరు, బూడిద వద్దు. వాసన వచ్చినా, గజ్జల్లో బిళ్ల కట్టినా, జ్వరం వచ్చినా ఆసుపత్రికే. ధనుర్వాతం రాకుండా వేసే సూది సంగతి కూడా అడగండి.

ఇంకో మాట రియాక్షన్ గురించి, అంటే ఒంట్లో ఉన్న కుష్ఠు క్రిముల మీద, అవి చచ్చినవైనా సరే, ఒళ్లు తిరగబడటం. మందు వాడేటప్పుడే కాదు, కోర్సు అయిపోయిన ఏళ్ల తర్వాత కూడా ఇది రావొచ్చు. బాలింతలకు ఎక్కువగా వస్తుంది. పాత మచ్చలు ఎర్రగా ఉబ్బడం, జ్వరంతో పాటు నొప్పి పెట్టే ఎర్ర గడ్డలు లేవడం, మోచేయి దగ్గర నరం లాగడం, ఉన్నట్టుండి చెప్పు జారిపోవడం, కన్ను నొప్పి, ఇవన్నీ దాని గుర్తులే. జబ్బు తిరగబెట్టిందని భయపడి దాచుకోవద్దు, పని ఒత్తిడి అని వదిలేయవద్దు. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు, అది నెలల తరబడి వాడాలి. ఎన్ని నెలలన్న మీద భారత్, నేపాల్, బంగ్లాదేశ్ వంటి దేశాల్లో టెన్‌లెప్ అనే పెద్ద పరిశోధన జరిగింది. ఇరవై వారాలు వాడినవాళ్లనూ ముప్ఫైరెండు వారాలు వాడినవాళ్లనూ పోల్చారు. నరాలు కోలుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే ఎక్కువ రోజులు మింగితే ఎక్కువ లాభమని మనకు మనం పొడిగించుకోకూడదు. మధ్యలో ఒక్కసారిగా ఆపడం ఇంకా ప్రమాదం, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. షుగర్, బీపీ ఉంటే ముందే చెప్పండి.

కల్లంలో "నీ కట్టలు దూరంగా పెట్టు" అనేవాళ్లు ఇప్పటికీ ఉంటారు. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటే స్థితి పోతుంది. అంటడానికి కూడా మందు వాడని మనిషితో నెలల తరబడి దగ్గరగా ఉండాలి, ఆకు ముట్టుకుంటే అంటదు. అయితే ఇంట్లోవాళ్లను పరీక్ష చేయించడం మాత్రం మరవకండి. దగ్గరివాళ్లకు ఒక్క డోసు రిఫాంపిసిన్ ఇస్తే రెండేళ్లలో కొత్త కేసులు 57 శాతం తగ్గాయని బంగ్లాదేశ్‌లో జరిగిన కోలెప్ పరిశోధన తేల్చింది. 2008లో వచ్చిన ఫలితం అది. ఆరోగ్య కార్యకర్త ఆ మందు తెస్తే వద్దనకండి.

పోయిన సీజన్ నాలుగో రోజు రాత్రి మా బిడ్డ నా కాలు తాకి చూసి, "బాపూ, గిక్కడ వెచ్చగున్నది" అన్నది. అద్దంలో చూస్తే ఏమీ లేదు. అయినా మూడు రోజులు అడవికి పోలేదు. మా ఇంటామె ఒక్కతే పోయి తెచ్చిన ఆకును పీట మీద కూర్చుని కట్టలు కట్టాను. నాలుగో రోజు రెండు కాళ్లూ ఒకేలా చల్లగా ఉన్నాయంటే చెప్పులు దులుపుకుని బయల్దేరాను.