గణితం ప్రశ్నను పరీక్షించడం – 3వ పాఠం: ప్రశ్న దేన్ని కొలుస్తోంది?

పోయిన పాఠంలో ప్రతి ప్రశ్న పక్కన అది ఏ నైపుణ్యం కోసమో ఒక్క ముక్కలో రాయమన్నాను. ఆ కాగితం తీయండి. రాసిన ముక్క నిజమేనా అన్నది ఈ రోజు చూద్దాం. కొలవాలనుకున్నదాన్నే ప్రశ్న కొలవడం: బీఈడీలో సప్రమాణత అని చదివింది దీన్నే.

గుంటూరులో ఎనిమిదో తరగతికి నేనిచ్చిన ప్రశ్న ఇది: "రైతు యార్డుకు 25 టిక్కీల మిర్చి తెచ్చాడు. క్వింటా ధర 16,000 రూపాయలు. కమీషన్ 3 శాతం పోగా చేతికెంత వస్తుంది?" పక్కన 'శాతాలు' అని రాసుకున్నాను. టిక్కీ అంటే మిర్చి బస్తా. టిక్కీకి 40 కిలోల లెక్కన నా జవాబు 1,55,200.

దిద్దాక 40 పేపర్లనూ మొత్తం మార్కుల వరసలో పేర్చాను. పై నుంచి 27 శాతం, కింద నుంచి 27 శాతం తీసుకోవాలి. 1939లో అమెరికా మనస్తత్వవేత్త ట్రూమన్ కెల్లీ చూపించిన లెక్క ఇది. అంటే అటు 11 మంది, ఇటు 11 మంది. ఈ ప్రశ్నను సరిగ్గా చేసినవాళ్లు పైన 6, కింద 5. తేడా 1ని 11తో భాగిస్తే 0.09. దీన్ని విచక్షణా సూచిక అంటారు. బాగా వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ ప్రశ్న ఎంత వేరు చేస్తోందో ఇది చెబుతుంది. 0.2 కన్నా తగ్గితే ప్రశ్నను అనుమానించాలి.

పేర్లు చూస్తే విషయం తెలిసింది. సరిగ్గా చేసినవాళ్లలో ఎక్కువమంది మిర్చి వేసే ఇళ్ల పిల్లలు. నా ప్రశ్న శాతాలు వచ్చినవాళ్లను కాదు, టిక్కీ తెలిసినవాళ్లను ఏరింది. ఇంకో అమ్మాయి టిక్కీకి 45 కిలోలు వేసి 1,74,600 రాసింది. టిక్కీ అంత తూగడం మామూలే. శాతం తీయడంలో ఒక్క పొరపాటూ లేదు. నేను సున్నా వేశాను. ఆ పేపరు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మీరు చేయాల్సింది: కొలవాలనుకున్న నైపుణ్యం కాక ఇంకేం తెలిసుండాలో ఆ మాటల కింద గీత గీయండి. ఇక్కడ టిక్కీ బరువు, క్వింటాకు 100 కిలోలు. అవి ప్రశ్నలోనే ఇచ్చేయండి. అంతేగానీ మిర్చిని తీసేసి ఎక్కడివో యాపిల్స్ పెట్టొద్దు. మన యార్డు లెక్క మన పిల్లలకు రావాలి. తర్వాత ఒక విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని, పైకి చదువుతూ చేయమనండి. ఎక్కడ ఆగాడో గుర్తు పెట్టండి, సాయం చేయకండి.

వచ్చే పాఠానికి ఒక ప్రశ్న: "భుజాలు 7, 9, 17 సెంటీమీటర్లు ఉన్న త్రిభుజం చుట్టుకొలత ఎంత?" జవాబు 33 అని సులువుగానే వస్తుంది. అయినా ఇది పేపర్లో ఉండకూడదు. ఎందుకో కాగితం మీద గీసి చూడండి.