మలేరియా దోమ మన డాబా మీద పుట్టకుండా ఎలా చూసుకోవాలి?

బెజవాడలో దోమలనగానే అందరం కాలవల్ని, బుడమేరుని తిడతాం గానీ, టౌన్‌లో మలేరియా తెచ్చే అనాఫిలిస్ దోమకి మురుగు కన్నా మంచినీళ్లే ఇష్టం, అంటే మన ట్యాంకు, సంపు, పంపు రాని టైముకని పట్టుకునే డ్రమ్ము. మలేరియా ఉన్నవాళ్ల రక్తం ఆడదోమ తాగితే ఆ క్రిమి దాని పొట్టలో పెరిగి 10-14 రోజుల్లో లాలాజలంలోకి చేరుతుంది, ఆ తర్వాత అది ఎవర్ని కుడితే వాళ్లకి జ్వరం. దోమ పొట్టలో ఆ క్రిమిని బ్రిటిష్ డాక్టరు రొనాల్డ్ రాస్ మొదట చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897లో. ముట్టుకుంటేనో దగ్గితేనో ఇది రాదు, పేషెంటుని దూరం పెట్టకండి, దోమతెరలో పడుకోబెట్టండి చాలు.

ముందు డాబా ఎక్కండి. ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూడండి. మా ట్యాంకు మూత పగిలి నెలైనా పట్టించుకోలేదు, ఒకరోజు చూస్తే నీళ్ల మీద నల్ల దారపు ముక్కల్లా అడ్డంగా పడుకుని ఉన్నాయి, చెయ్యి నీడ పడగానే కిందకి జారిపోయాయి. అవే మలేరియా దోమ పిల్లలు. మామూలు మురుగు దోమ తోకపురుగులైతే తల కిందకి పెట్టి వేలాడతాయి, తేడా తెలిసిపోతుంది. అలా కనిపిస్తే ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, ఎండబెట్టి, మూత బిగించండి, ఓవర్‌ఫ్లో పైపు మూతికి నైలాన్ జాలీ కట్టండి (అందరూ మర్చిపోయేది ఇదే).

డ్రమ్ములు, కూలర్లు వారానికోసారి బోర్లించాలి. శుక్రవారం డ్రై డే (నిల్వ నీళ్లు పారబోసి ఆరబెట్టే రోజు) అని ఊరికే చెప్పరు, మన వేడికి గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు చాలు, ఒక్క వారం వదిలేసినా మళ్లీ మొదటికే. వాడని బావి ఉంటే హెల్త్ వాళ్లని గంబూషియా చేపలు అడగండి, అవి దోమ పిల్లల్ని తినేస్తాయి.

ఈ దోమ పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా కుడుతుంది కాబట్టి రాత్రి దోమతెర తప్పదు.

చలి, వణుకుతో జ్వరం వస్తే మెడికల్ షాపులో బిళ్ల కొనుక్కుని ఊరుకోకుండా ఆరోజే రక్తపరీక్ష చేయించండి, ప్రభుత్వాసుపత్రిలో ఫ్రీ. వైవాక్స్ రకం మలేరియా అని తేలితే ప్రైమాక్విన్ డాక్టర్ చెప్పినన్ని రోజులూ, మామూలుగా 14, పూర్తిగా మింగాలి, మూడో రోజుకే జ్వరం తగ్గిందని ఆపేస్తే లివర్‌లో దాక్కున్న క్రిమి నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. గర్భిణీలకి మాత్రం ఆ మందు ఇవ్వరు. ఈమధ్య అరకు, పాడేరు వైపు వెళ్లొచ్చుంటే ఆ మాట డాక్టర్‌తో మొదటే చెప్పండి, అక్కడ ప్రాణం మీదకి తెచ్చే ఫాల్సిపారం రకం కూడా ఉంటుంది.