రెండు గ్లాసుల మధ్య అద్దం: ఇన్‌స్టలేషన్ కట్టే పద్ధతి

టీకొట్టులో కొందరికి వేరే గ్లాసు. తాగినవాళ్ళే కడిగి, బయట బోర్లించి పోవాలి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. హోటల్లో గిన్నె, గ్లాసు వాడుకోనివ్వకపోవడం నేరమని 1955 చట్టం చెప్పింది. అయినా రెండు గ్లాసుల పద్ధతి మన పల్లెల్లో ఆ తర్వాత కూడా సాగింది. మనుషుల మధ్య కనిపించని ఆ గోడను గాజుతోనే కట్టి, ఇన్‌స్టలేషన్‌గా, అంటే చూసేవాళ్ళు తామే వచ్చి కూర్చునే కళారూపంగా చూపించవచ్చు: గాజుకు ఇటొకరు, అటొకరు కూర్చుంటారు.

6 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పున్న లామినేటెడ్ గాజు (మధ్యలో పొర పెట్టి అతికించిన రెండు 6 మి.మీ. పలకలు) తీసుకోండి. మామూలు గాజు పగిలితే కత్తుల్లా ఊడిపడుతుంది. ఇది పగిలినా లోపలి పొరకు అంటుకునే ఉంటుంది. బరువు సుమారు 70 కిలోలు, నలుగురు సక్షన్ కప్పులతో (గాజుకు అతుక్కునే పిడులు) ఎత్తాలి. ఇనుప ఫ్రేమును నేలకు బోల్టులతో బిగించి, అడుగున రెండు రబ్బరు దిమ్మలు అంచుల నుంచి అడుగు లోపలికి పెట్టి, వాటిమీద గాజు దింపండి. ఇనుము నేరుగా తగిలిన చోటే చీలిక మొదలవుతుంది.

గాజుకు ఒక వైపు సిల్వర్ ఫిల్మ్ (అద్దంలా మెరిసే పలచటి పొర) సబ్బునీళ్ళతో అంటించండి. పని మొత్తం దీనిమీదే నిలబడుతుంది. ముదురు ఫిల్మ్ వేస్తే ఎవరి ముఖం వాళ్ళకే కనిపిస్తుంది, అవతలి మనిషి సరిగా కనబడడు. వెనక్కి కొట్టే వెలుగూ, దాటిపోయే వెలుగూ దాదాపు సమానంగా ఉన్నది కావాలి. కొనేముందు చిన్న ముక్కతో చూసుకోండి.

రెండు వైపులా ఒకే ఎత్తులో బల్లలు వేసి, ఒకే రకం టీగ్లాసులు పన్నెండేసి పెట్టండి. వేర్వేరు గ్లాసులు పెట్టకండి: వివక్ష గ్లాసులో లేదు, పెట్టిన చోటులో ఉంది. ఫిల్మ్ నుంచి అటూ ఇటూ సరిగ్గా 30 సెం.మీ. కొలవండి. వెలుతురు సమానమైతే ఇవతలి గ్లాసు ప్రతిబింబం అవతలి గ్లాసుమీద కూర్చుని రెండూ ఒకటవుతాయి. సెంటీమీటరు తేడా వస్తే అంచులు రెండుగా కనిపిస్తాయి. గాజు మందం వల్ల కొలత కొన్ని మి.మీ. తప్పుతుంది, చివరి సర్దుబాటు కంటితోనే చెయ్యాలి.

లైట్లు పక్కల నుంచి ముఖాలమీద, గ్లాసులమీద పడాలి, గాజుమీద కాదు. డిమ్మర్‌కు (వెలుతురు తగ్గించి పెంచే పరికరం) పనికొచ్చే ఎల్ఈడీలే కొనండి, మిగతావి మినుకుమంటాయి. మనుషుల వెనక నల్లగుడ్డ కట్టకపోతే గోడలే ప్రతిబింబిస్తాయి. లైట్లు 20 సెకన్లు ఇటువైపు, 20 సెకన్లు అటువైపు వెలగాలి, తర్వాత 20 సెకన్లు రెండు వైపులా సమానంగా వెలగాలి. వెలుతురులో కూర్చున్నవాళ్ళకు తామే కనిపిస్తారు, చీకట్లో ఉన్నవాళ్ళు మాత్రం వాళ్ళను చూస్తూనే ఉంటారు. చివరి 20 సెకన్లలో రెండు ముఖాలూ ఒకదానిమీద ఒకటి పడతాయి.

మనుషులు గాజుకు 75 సెం.మీ. దూరంలో ఉండాలి. నిలబెడితే ఎత్తు తేడాకు కళ్ళు కలవవు. ఎత్తు మార్చుకునే స్టూళ్ళు వెయ్యండి.