కోనసీమలో సూపర్ హీరోయిన్: ఇల్లూ, డ్యూటీ ఒకే కామిక్‌లో నడపడం ఎలా

శక్తులు, దుస్తులు, విలన్ తర్వాత. ముందు ఒక కాగితం తీసుకుని ఆమె రోజులోని 24 గంటలూ రాయండి. ఇంటికీ డ్యూటీకీ మధ్య నలిగేది ముందు టైమే. పైగా కోనసీమ పల్లెలో అర్ధరాత్రి బండి స్టార్టు చేస్తే కొబ్బరితోట అవతల ఉన్న పిన్నికి కూడా తెలిసిపోతుంది. పెద్ద నగరంలో మేడల మీదుగా దూకే కథను తెచ్చి ఇక్కడ పెడితే మొదటి పేజీలోనే నమ్మకం పోతుంది.

కాబట్టి మొదటి పని, ఆమెకు రాత్రి బయట ఉండడానికి ఊరు ఒప్పుకునే ఉద్యోగం ఇవ్వడం. ఆక్వా ల్యాబ్ పని బాగా కుదురుతుంది, బాబయ్య రొయ్యల చెరువు కూడా ఆమే చూసుకుంటే ఇంకా మేలు. పగలు నాచు తయారుచేసిన ఆక్సిజన్‌ని రాత్రంతా ఆ నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత వాడేస్తాయి. అందుకే తెల్లవారే ముందు అది అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల లోపుకు పడితే ప్రమాదం, రొయ్యలు పైకి తేలతాయి. 3 గంటలకు మీటరు పట్టుకుని గట్టు మీద ఉన్న అమ్మాయిని ఎవరూ పెద్దగా ఆరా తీయరు. కథకు ముడి కూడా అక్కడే పడుతుంది. ఆమె దొంగల వెంట పడ్డ రాత్రి కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయనుకోండి, జనరేటరు వేసేవాళ్లు లేక తెల్లారేసరికి పంటంతా పోతుంది. ఆ నష్టం బాబయ్య ముఖంలో చూపిస్తే చాలు, ఎంత పెద్ద ఫైటూ అంత బరువు తేలేదు.

శక్తి విషయంలో పిసినారిగా ఉండండి. ఎగరగలిగితే డెల్టా అనేదే లేకుండా పోతుంది. పాయలు, లంకలు, పంటి (మనుషుల్నీ బండ్లనీ నది దాటించే పడవ) రేవులు, వంతెనలు అన్నీ వృథా. నీళ్లలో 20 నిమిషాలు ఊపిరి బిగబట్టగలదు, అంతే. రాత్రి సఖినేటిపల్లి రేవులో పంటి లేకపోతే ఆవలి గట్టున కనిపించే నరసాపురానికి చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి, లేదా మధ్యలో ఉన్న గోదావరి పాయ వశిష్ఠను ఈదాలి. ఈదితే తడి బట్టలతో ఇంటికి రావాలి. చెరువు బురద నల్లగా కంపు కొడుతుంది, గోదావరి ఇసుక మెరుస్తుంది. చెరువుకెళ్లానన్న పిల్ల మడమలకు ఇసుక అంటుకుని ఉంటే అమ్మమ్మ కనిపెట్టేస్తుంది. ఈ ఒక్క ఆధారాన్ని ముందు పేజీల్లోనే మాట లేకుండా, బొమ్మలో చూపించి ఉంచండి.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు, చుట్టాన్ని విలన్ చేత ఎత్తుకుపోయేలా చేయడం. ఒకసారి చేస్తే సరే. రెండోసారికి ఆ మనిషి మనిషిగా మిగలడు, తాడు కట్టిన మూటవుతాడు. దానికన్నా బంధాన్నీ నేరాన్నీ ఒకే మనిషి దగ్గర కలపండి. 1967లో కామిక్స్‌లోకి వచ్చిన బార్బరా గోర్డన్ పగలు లైబ్రేరియన్, రాత్రి బ్యాట్‌గర్ల్, ఆమె తండ్రి ఆ నగర పోలీస్ కమిషనరే. ఇక్కడైతే రాత్రిపూట ఇసుక ర్యాంపు నుంచి దొంగతనంగా ట్రాక్టర్లు నడిపించేది ఆమెను చదివించిన మావయ్యే అవ్వాలి.

తర్వాత పద్దు. కాగితానికి ఒక పక్క ఆమె ఆపిన నేరాలు, రెండో పక్క దానికి ఇంట్లో పోయింది. రెండోవైపు "బాధపడింది" అని రాయకండి. అక్క సీమంతంలో గాజులు తొడగలేదు, తన పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కాఫీ తాగి వెళ్లిపోయారు అని రాయండి. నేరం ఆపిన నాలుగు పేజీల్లోపు ఆ బాకీ కనిపించాలి, ఆలస్యమైతే పాఠకుడు రెంటినీ కలుపుకోడు.

వరద ఘట్టానికి గడియారం వేరే అక్కర్లేదు, ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టమే గడియారం. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెల్ని పేజీ మూలన పెట్టుకుంటూ పోండి. శ్రావణం పెళ్లి ముహూర్తాలూ వరదలూ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. పాలకొల్లులో తమ్ముడి పెళ్లి, లంకలో ఆవును వదిలి రానంటున్న అమ్మమ్మ, మునిగిపోయిన కాజ్‌వే. ఇంతకన్నా విలన్ అవసరం లేదు.

24 పేజీల కథకు పేజీకి సగటున 5 గళ్లు (బొమ్మల చట్రాలు) వేసుకోండి. ఫైట్లు 6 పేజీలు దాటనివ్వొద్దు. మాటల బుడగలో 12 పదాలకు మించితే తెలుగు ఇరుక్కుపోతుంది. పైన గుడి, కింద ఒత్తు ఒకదానికొకటి తగలకుండా వరుసల మధ్య ఖాళీ అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉంచండి. పొడుగు మాటను సమాసం అతికిన చోటే విరవండి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రమ పెట్టాల్సింది ముసుగులో ఆమె మావయ్యతో మాట్లాడే చోట. గొంతు మార్చడం తేలికే, మన్నన మార్చడమే కష్టం. పుట్టినప్పటి నుంచీ "మీరు" అన్న మనిషిని "ఒరేయ్, ఆగు" అనాలి. ముందు రెండు గళ్లలో అననివ్వండి. ట్రాక్టరు ఆమె మీదికి తిప్పినప్పుడు నోరు జారాలి: "ఆగండి!" ఆ ఒక్క మాటకు గడి మొత్తం ఇవ్వండి, వెనక బొమ్మ వద్దు. తర్వాతి గడిలో మావయ్య కాలు బ్రేకు మీద ఉండాలి, ముఖం చూపించకండి. ఆ పక్క గడిలో ఇంజను ఆగిపోయి ఉంటుంది. మాట ఎవరూ మాట్లాడరు.